రాజీనామా జ్ఞాపకమున్నది, రైలు జ్ఞాపకము లేదు

ప్రతి సంవత్సరమును మన సంఘ వార్షికోత్సవములలోను, పిల్లల బహుమాన ప్రదాన సభలలోను ఒక కథ తప్పక వినబడుచుండును. పూర్వమొక రైల్వే మంత్రి యుండెను. ఒక రైలు ప్రమాదము జరిగినది. తప్పు తనది కాకపోయినను ఆయన పదవిని వదలుకొనెను. అట్టి మహనీయులు నేడెక్కడ? వక్త యీ మాట అనగానే సభ చప్పట్లు చరచును. మేమును ఎన్నోమారులు చప్పట్లు చరచినవారమే. అయితే కొంతకాలము క్రిందట అట్టి ఉపన్యాసము ముగిసిన పిమ్మట, ప్రక్కన కూర్చున్న యువకునితో, "నాయనా, ఆ రైలు ఏది? ఎక్కడికి పోవుచుండెను?" అని అడిగితిమి. అతడు తెల్లబోయెను. వక్తగారినే అడిగితిమి. "ఉత్తరాదిని ఎక్కడనో లెండి, అయ్యా" అని ఆయన సెలవిచ్చెను.

ఆ రైలు ఉత్తరాదిది కాదు. అది మన రైలు. ఈ సంచికను చదువుచున్న కుటుంబములలో అనేకుల తాతలు, తండ్రులు ఎక్కి దిగిన రైలు. దానిని మరచి దాని మంత్రిని మాత్రము జ్ఞాపకముంచుకొనుట న్యాయము కాదని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

1956 నవంబరు 22వ తేదీ రాత్రి మదరాసు ఎగ్మూరులో బయలుదేరిన తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్సు అది. మరునాడు, అనగా 23వ తేదీ శుక్రవారము తెల్లవారుజామున సుమారు అయిదున్నర గంటలకు, అరియలూరు దాటి, కల్లగము స్టేషను చేరకముందు, మరుదయ్యారు వంతెనవద్ద కూలిపోయెను. ఎడతెగని వానలకు ఏరు పొంగి వంతెనను దెబ్బతీసియుండెను. ఇంజనును, దాని వెనుకనున్న పెట్టెలును వరదనీటిలో పడెను. పడక సాగిపోయియుండినయెడల, ఆ బండి తిరుచిరాపల్లి, దిండుగల్లు, మధుర మీదుగ వచ్చి, విరుదునగరమున ఆగి, సాత్తూరు, కోవిలపట్టి, మణియాచ్చి దాటి తూత్తుకుడి చేరవలసినది. మదరాసులో ప్రత్తి బేరము ముగించుకొన్నవారు, హైకోర్టు పని చూచుకొన్నవారు, ఆసుపత్రిలోని బంధువును పలుకరించి వచ్చువారు, చదువులకు పోయి సెలవులకు మరలు విద్యార్థులు, మన నల్లరేగడి ప్రాంతమునకు చేరుకొను దారులలో ముఖ్యమైనది అదియే.

ఆ దారి చరిత్రయు కొంత తెలిసికొనదగినది. మధురనుండి తూత్తుకుడికి రైలు 1876లో వచ్చినది. తంజావూరు చుట్టు తిరుగకుండ విళుపురమునుండి అరియలూరు మీదుగ నేరుగ తిరుచిరాపల్లి చేరు కార్డు లైను 1929లో పూర్తియైనది. అంతటితో దక్షిణజిల్లాలవారికి మదరాసు దగ్గరైనది. మా నరికుడికి మాత్రము 1956లో రైలు లేదు. మానామదుర, విరుదునగరముల నడుమ దారి 1960వ దశాబ్దమునందుగాని రాలేదు. నరికుడివారు విరుదునగరమునందో, మానామదురయందో దిగి, అక్కడినుండి బస్సో ఎద్దులబండియో ఎక్కి యిల్లు చేరవలసియుండెను. కనుక తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్సు నరికుడి మీదుగ పోకపోయినను నరికుడికిని అది చుట్టమే.

ఇక ఆ దినమున పత్రికలలో ఏముండెనో ఆలోచింతము. నేటివారు మొదటి పుటలోనే పెద్ద అక్షరములతో వార్త కనబడునని అనుకొందురు. మదరాసు హిందూ పత్రిక 1958 జనవరి వరకు తన మొదటి పుటను ప్రకటనలకే యిచ్చుచుండెను. ఔషధముల ప్రకటనలు, దుకాణముల ప్రకటనలు దాటి లోపలికి పోయినగాని దేశవార్త కనబడదు. ఆ వారమున ప్రపంచమంతయు కల్లోలముగా నుండెను. నవంబరు 22న ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. సూయజు కాలువ మూతపడి, ఆంగ్లేయ, ఫ్రెంచి సేనలు ఈజిప్టునుండి మరలిపోవలెనని ఐక్యరాజ్యసమితిలో వాదము జరుగుచుండెను. హంగరీ ప్రధానిగా నుండిన ఇమ్రె నాజ్ అదే నవంబరు 22న యుగోస్లావియా రాయబార కార్యాలయమునుండి వెలికి రాగానే రష్యనులచే పట్టుబడెను. బుద్ధుని 2500వ జయంతి ఉత్సవములకై దలైలామా ఢిల్లీకి వచ్చుచుండెను. మన దేశములో భాషారాష్ట్రములు ఏర్పడి 22 దినములే అయినది. తిరుచిరాపల్లి జిల్లాలోని ఒక చిన్న ఏటిమీద పడిన రైలు ఇన్నిటి నడుమ చోటు వెదకుకొనవలసివచ్చెను.

అయినను ఆ వార్త పెద్దదే అయినది. ఎందువలన? మంత్రి రాజీనామా యిచ్చుటవలన. లాల్ బహదూర్ శాస్త్రిగారు నైతికబాధ్యత వహించి పదవిని విడుచుటకు సిద్ధపడిరి. ప్రధానమంత్రి నెహ్రూగారు దానిని ఆమోదించిరి. శాస్త్రిగారి తప్పున్నదని కాక, రాజ్యాంగ మర్యాదకు అది ఒక ఆదర్శముగ నుండవలెనను భావముతో ఆమోదించితినని పార్లమెంటులో చెప్పిరి. డిసెంబరు మొదటి వారములో బాబూ జగజ్జీవన్‌రాంగారు ఆ శాఖను స్వీకరించిరి. ఇది గొప్పదనము కాదని మేమనుట లేదు. పదవిని అంటిపెట్టుకొని వ్రేలాడుటయే రాజనీతియైన యీ దినములలో అట్టి కార్యమును చెప్పుకొనవలసినదే. మా వివాదము శాస్త్రిగారితో కాదు. శాస్త్రిగారి పేరు చెప్పి రైలును మింగివేయు మన జ్ఞాపకముతో.

మొదటి ఆక్షేపణ ఇది. మనవారు చెప్పు కథలో సగము తప్పు. అనేక సభలలో శాస్త్రిగారు మహబూబునగరము ప్రమాదమునకు రాజీనామా చేసినట్లు చెప్పుదురు. మరికొన్ని సభలలో ఆ ప్రమాదము పేరే యెత్తరు. నిజమేమనగా, అరియలూరుకు 82 దినములు ముందు, 1956 సెప్టెంబరు 2న, అప్పటి హైదరాబాదు రాష్ట్రములో జడ్చర్ల, మహబూబునగరముల మధ్య వంతెన కూలి రైలు పడిపోయెను. నూరుమందికి పైగా మరణించిరి. అప్పుడును శాస్త్రిగారు రాజీనామా యిచ్చిరి. నెహ్రూగారు దానిని ఒప్పుకొనలేదు. రెండవమారు, అరియలూరు తరువాత, ఒప్పుకొనిరి. అనగా ఒక రాజీనామా వెనుక రెండు రైళ్లు కలవు. ఒకటి తెలుగునేలమీద పడినది. రెండవది తెలుగువారు తరతరములుగా నివసించు తమిళనేలకు వచ్చుచు పడినది. రెంటిని కలిపి చెప్పవలసిన బాధ్యత దేశములో మరెవరికైన ఉన్నదో లేదో గాని, మనకు తప్పక ఉన్నది. ఆ రెండింటిని ఒక్క చూపులో చూడగలవారము మనమే గదా!

ఇంకొకటి. శాస్త్రిగారితోబాటు ఆయన ఉపమంత్రి ఓ. వి. అళగేశన్‌గారును తన పదవికి రాజీనామా యిచ్చిరి. ఆయన మదరాసు రాష్ట్రమువారు. మన సభలలో ఈ మాట చెప్పినవారిని మేమింతవరకు వినలేదు. మంత్రి త్యాగము పాఠ్యపుస్తకమున కెక్కినది; ఉపమంత్రి త్యాగము పత్రికల లోపలి పుటలలో నిలిచిపోయినది. త్యాగములోనే పెద్దవార్త, చిన్నవార్త అను తారతమ్యమున్నప్పుడు, మూడవ తరగతి పెట్టెలో మునిగినవాని సంగతి చెప్పవలెనా?

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. రాజీనామా కథను మనము వివరముగా ఎరుగుదుము. ఎవరు ఎవరికి వ్రాసిరి, ఎవరు సభలో ఏమి చెప్పిరి, తరువాత పదవిలోనికి ఎవరు వచ్చిరి, అన్నియు పుస్తకములలో కలవు. కాని చనిపోయినవారెందరు? మహబూబునగరమునకు ఒక పుస్తకము 112 అనును, మరియొకటి 125 అనును. అరియలూరుకు ఒకచోట 142, ఒకచోట 144, వేరొకచోట 150 దాటిన సంఖ్య. మేము జీవితమంతయు రిజిస్టర్లు వ్రాసి పొట్టపోసుకొన్నవారము. కాగితముల దస్తాలో ఒక దస్తా తక్కువైనను సంజాయిషీ అడుగు కార్యాలయములను చూచితిమి. మనుష్యులు పదిమంది తక్కువైన లెక్కను మాత్రము ఎవరును అడుగలేదు.

ఇట్లు ఎందుకు జరిగెనో తెలియనిది కాదు. ఆ దినములలో రైలు టిక్కెట్టు చిన్న అట్టముక్క. దానిమీద సంఖ్య, బయలుదేరు ఊరు, చేరు ఊరు, తరగతి, ఛార్జి ఉండును. పేరుండదు. మూడవ తరగతి ప్రయాణికులలో అధికభాగము ఆ అట్టముక్క చేతబట్టుకొని తలుపుదగ్గర తోసుకొని ఎక్కినవారే. పై తరగతివాని పేరు రిజర్వేషను కాగితములో ఉండును. క్రింది తరగతివానిది అతని బంధువు వచ్చి చెప్పినగాని బయటపడదు. శవమును గుర్తుపట్టువారు రాకపోయిన, అతడు ఒక సంఖ్యగా మిగిలిపోవును. మూడవ తరగతి అను పేరు 1974లో పోయినది. పేరు లేని ప్రయాణికుడు పోలేదు.

అందులోను మనవారి విషయము ఇంకను చిత్రమైనది. తెలుగుదేశములో మనుష్యుని ఇంటిపేరు అతని ముందు నడచును. ఇక్కడ తండ్రి పేరులోని మొదటి అక్షరమొకటి, తరువాత తన పేరు, అంతతో సరి. ఇంటిలో మనకు ఇంటిపేరున్నది, పెండ్లి సంబంధములు చూచునప్పుడు దానినే ముందు అడుగుదుము. వీధిలోనికి వచ్చినంతనే అది మాయమగును. పత్రికలో మృతుల పట్టికలో "రామస్వామి, విరుదునగరము" అని వేసియున్న, ఆ రామస్వామి ఇంటిలో ఏ భాష మాట్లాడెనో పట్టికనుబట్టి ఎవరు చెప్పగలరు? ఈ కారణముచేత, ఆ రైలులో మనవారెందరుండిరో నేడు పట్టికలు చూచి తేల్చుట అసాధ్యము. ఆ సంగతి తెలిసియున్నది ఇండ్లలోనే. ఇండ్లలోని వృద్ధులు పోవుచున్నారు. అందుచేతనే మేము తొందరపడుచున్నాము.

కొందరు మిత్రులు మాతో వాదింతురు. "అయ్యా, డెబ్బది సంవత్సరముల నాటి మృతుల పేర్లు తెలిసి ఎవరికి లాభము? రాజీనామా కథవలన నీతి కలుగును. పట్టికవలన ఏమి కలుగును?" అని. ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పుట మా విధి.

రాజీనామావలన ఒక వంతెనయైనను గట్టిపడదు. అరియలూరునందును మహబూబునగరమునందును ప్రాణములు తీసినది పెద్ద నది కాదు. మన ప్రాంతములో వేసవిని ఇసుక మాత్రము కనబడు ఏరువంటిది. వాన కుండపోతగా కురిసిన అట్టి ఏరే కట్టను కోసివేయును. ఎగువ చెరువు తెగినయెడల ఆ నీరు ఏ వంతెనమీదికి వచ్చునో రైల్వేవారు ముందుగ తెలిసికొనవలెను. అట్టి చెరువుల పట్టిక ఒకటి వారివద్ద ఉండవలెను. వంతెన కాలువలు ఎంత నీటిని పోనిచ్చునో కొలవవలెను. వంతెన స్తంభముమీద ప్రమాదపు గీత వేయవలెను. వానరాత్రులందు గ్యాంగుమాను లాంతరు పట్టుకొని పట్టాల వెంట నడచి, నీరు గీత దాటినయెడల బండిని ఆపవలెను. రైలుప్రయాణికుని ప్రాణము ఢిల్లీలోని బల్లకన్న ఆ లాంతరుమీద ఎక్కువగ ఆధారపడియుండును. మంత్రి కథను వెయ్యిమారులు చెప్పి, గ్యాంగుమాను పనిని ఒకమారైనను పిల్లలకు చెప్పకపోవుట నీతిబోధ ఎట్లగును?

మరియొక సంగతి. ప్రమాదములను విచారించు రైల్వే ఇన్‌స్పెక్టర్లు పూర్వము రైల్వే బోర్డు క్రిందనే యుండిరి. బండి నడుపువారి క్రింద పనిచేయువాడు బండి తప్పును ఎట్లు తేల్చగలడని ఆలోచించి, 1941లో వారిని బోర్డునుండి విడదీసిరి. 1961లో ఆ శాఖకు రైల్వే భద్రతా కమిషన్ అని పేరు వచ్చినది. నేడది పౌరవిమానయాన మంత్రిత్వశాఖ క్రింద నున్నది. 1962లో కుంజ్రూ కమిటీ, 1968లో వాంఛూ కమిటీ, 1978లో సిక్రీ కమిటీ రైలు ప్రమాదములను పరిశీలించినవి. మన సభలలో వీటి పేర్లు వినబడవు. వీటిలో చప్పట్లకు తగిన నాటకము లేదు. కాని నేడు మనము పిల్లలతో బండియెక్కి నిద్రపోవుచున్నామన్న, అట్టి నీరసమైన కాగితముల పుణ్యము అందులో కొంత కలదు. శాస్త్రిగారు 1957లోనే తిరిగి మంత్రియైరి, 1964లో ప్రధానియైరి. దేశమునకు మేలే జరిగినది. మరుదయ్యారులో పడినవారు మాత్రము తిరిగి రాలేదు. ఈ రెండు మాటలను ఒకేచోట చెప్పగల ధైర్యము మన వక్తలకు ఉండవలెను.

మన చుట్టుప్రక్కల చూచినను చిన్నవార్త విలువ తెలియగలదు. 1911 జూన్ 17న మణియాచ్చి జంక్షనులో రైలుపెట్టెలో కూర్చున్న తిరునెల్వేలి కలెక్టరు ఆషును వాంచినాథుడు కాల్చి చంపి తానును ప్రాణము తీసికొనెను. ఆ వార్త సీమదాక పోయినది. నేడు ఆ స్టేషనుకు వాంచి మణియాచ్చి అనియే పేరు. అది పెద్దవార్త. దానికి 15 సంవత్సరములు ముందు, 1896 ఆగస్టు 29న, మా నరికుడికి పొరుగుననున్న తిరుచ్చుళిలో పుట్టిన పదునారేండ్ల బాలుడొకడు, అన్నగారి కళాశాల రుసుమునకై యిచ్చిన అయిదు రూపాయలలో మూడు తీసికొని, మధురలో తిండివనమునకు టిక్కెట్టు కొని బండియెక్కెను. అతడే తరువాత అరుణాచలమున రమణమహర్షియైనవాడు. ఆ దినమున ఏ పత్రికకు ఆ బాలునితో పనియుండును? మూడవ తరగతిలో మూల కూర్చున్నవాడెవడో ఎవరికి తెలియును? అట్లని ప్రతి ప్రయాణికుడును మహర్షి యగునని మేమనుట లేదు. మహర్షి కాకపోయినను పేరుండవలెననియే మా వాదము.

1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపానులో పాంబనునుండి ధనుష్కోటికి పోయిన ప్యాసింజరు బండి మొత్తము సముద్రములో కలిసిపోయెను. మానామదుర మీదుగ రామేశ్వరము పోవు దారి అది. నరికుడివారికి ఇంటిముంగిటి దారివంటిది. ఆ బండిలో 115 మంది యుండిరని సాధారణముగ చెప్పుదురు. అది టిక్కెట్లనుబట్టి వేసిన లెక్క. టిక్కెట్టు లేక ఎక్కినవారిని కలిపినయెడల రెండువందలకు చేరునని నాటినుండియు అనుచునేయున్నారు. టిక్కెట్టు కొనకపోవుట తప్పే. కాని దానికి శిక్ష జరిమానాగాని, చచ్చినవారి లెక్కలో చోటు లేకపోవుట కాదు గదా!

ఇవి పాతసంగతులని తోసివేయ వీలులేదు. 2023 జూన్ 2న ఒడిషాలోని బాలాసోరు జిల్లాలో మూడు రైళ్లు ఢీకొని 290 మందికి పైగా చనిపోయిరి. అందొకటి మదరాసుకు వచ్చు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సు. నాలుగు మాసములు శీతలపెట్టెలలో ఉంచినను ఎవరును వచ్చి అడుగని 28 శవములను ఆ అక్టోబరులో భువనేశ్వరములో దహనము చేసిరి. అదే అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లివద్ద రెండు ప్యాసింజరు బండ్లు ఢీకొని 14 మంది మరణించిరి. ఈ ప్రమాదములు జరిగినప్పుడెల్ల మన టెలివిజనులలోను, వీధి అరుగులమీదను ఒకటే మాట: "శాస్త్రిగారైతే రాజీనామా చేసియుండును." మాట నిజమే. కాని ఆ మాటతో సంభాషణ ముగిసిపోవుచున్నది. పేరులేని ఆ 28 మంది ఎవరు, ఏ పెట్టెలో ఎక్కిరి, వారి ఇండ్లలో ఇంకను ఎదురుచూచువారున్నారా అను ప్రశ్నకు అక్కడ తావు లేదు. పెద్దకథ చిన్నకథను కప్పివేయుటయన్న ఇదియే.

మన మాటయే తీసికొందము. ఈ తమిళనాటిలో మనము ఎవరము? శతాబ్దములుగా ఈ నల్లరేగడిని దున్నుచు, ప్రత్తి పండించుచు, ఇంటిలో తెలుగును వీధిలో తమిళమును మాట్లాడుచు బ్రతుకుచున్నవారము. ఈ రాష్ట్రపు చరిత్రలో మన గురించి ఏమి వ్రాయుదురు? నాయకరాజులు, పాళెగాండ్రు, కోటలు, యుద్ధములు. అవి పెద్దవార్తలు. బావి త్రవ్విన రెడ్డి, అగ్గిపెట్టెలు అంటించిన ఆడుబిడ్డ, మగ్గము నేసిన దేవాంగుడు, చర్మపు పని చేసిన అరుంధతీయుడు, వీరందరును లోపలి పుటలోని చిన్న అక్షరములు. చరిత్రలో చిన్న అక్షరములుగా బ్రతుకుచున్న మనమే ఇతరుల చిన్న అక్షరములను చదువక దాటిపోయినయెడల, మనలను చదువవలెనని ఎవరిని అడుగగలము? మన సంచికలు తిప్పిచూడుడు. పోషకుల ఛాయాచిత్రములు, మంత్రుల సందేశములు, కృష్ణదేవరాయల కీర్తి. తప్పు లేదు. కాని ఒక సామాన్య కుటుంబము ఏ సంవత్సరమున ఏ దారిని వచ్చెను, ఏ కరవులో ఏమి తినెను, ఎవరు ఏ రైలులో పోయి తిరిగి రాలేదు, ఇది ఏ పుటలోనైన కలదా?

ఇది సాధ్యము కాని పని కాదు. కోవిలపట్టి ప్రక్కనున్న ఇడైసెవల్ గ్రామములో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్‌గారు, తెలుగుదేశమునుండి వలసవచ్చిన సామాన్య కుటుంబముల మాటలను, వంటలను, భయములను తమిళములో వ్రాసి 1976లో గోపల్ల గ్రామము అను నవలగా ఇచ్చిరి. దాని తరువాతి గ్రంథమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఈ నేలలో పలుకు పదములకు నిఘంటువును కూర్చిరి. 2021లో గతించిరి. ఆయన రాజుల కథ వ్రాయలేదు. ముసలమ్మల నోట విన్నది వ్రాసిరి. మనలో అందరును అట్టి రచయితలు కానేరరు. కాని విన్నది విన్నట్లు నాలుగు పంక్తులు వ్రాయుటకు అంత ప్రతిభ అవసరము లేదు. మెట్రిక్యులేషనుతో చదువు ముగించిన మేమే వ్రాయుచున్నాము గదా!

"మా పిల్లలకు తెలుగు వ్రాయుట రాదు" అని కొందరు చెప్పుదురు. అది మనందరి దుఃఖము. రాకపోయిన తమిళ అక్షరములలోనే వ్రాయుడు; వృద్ధులు చెప్పగా చేతిలోని యంత్రములో వారి గొంతునైన పట్టి ఉంచుడు. అక్షరము తరువాత నేర్చుకొనవచ్చును. పోయిన ముసలివారిని తిరిగి అడుగ వీలులేదు.

కావున సంఘ పెద్దలకు మా విన్నపము మూడు మాటలలో చెప్పెదము. మొదటిది, రానున్న ప్రతి సంచికలోను కొన్ని పుటలు సామాన్య కుటుంబముల వృత్తాంతములకై విడువవలెను. ప్రతి వృత్తాంతములోను ఇంటిపేరు, ఊరు, సంవత్సరము తప్పక ఉండవలెను. రెండవది, మన ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున పరచిన, అటకలమీద కట్టలుగా నున్న పాత దినపత్రికలను పాతకాగితముల వానికి తూకమునకు వేయకముందు సంఘమునకు చూపవలెను. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, స్వదేశమిత్రన్, దినమణి, దినతంతి, ఏదైనను సరే. చూచునప్పుడు మొదటి పుట మాత్రమే కత్తిరించి తక్కినది పారవేయవలదు. మనకు కావలసినది లోపలనే యుండవచ్చును. మూడవది, వేదికమీద శాస్త్రిగారి కథ చెప్పు వక్తలు అరియలూరు అను పేరును, మహబూబునగరము అను పేరును, రెండు తేదీలను, ఆ బండి చేరవలసిన ఊళ్ల పేర్లను కూడ చెప్పవలెను. విరుదునగరములోని పిల్లవాడు, ఆ బండి తన ఊరి స్టేషనుకే రావలసినదని విన్నప్పుడు, రాజీనామా కథయే అతనికి వేరుగ వినబడును.

ఈ పుట చదువుచున్నవారి ఇండ్లలో, 1956 నవంబరు 23వ తేదీన విరుదునగరము, సాత్తూరు, కోవిలపట్టి స్టేషనులలో ఆ బండికై కాచుకొన్నవారు గాని, ఆ బండిలో ఎక్కవలసియుండి ఆగిపోయినవారు గాని, ఎక్కి తిరిగిరానివారు గాని ఉండినయెడల, ఆ సంగతి తెలిసిన పెద్దలను ఈ వారమే అడుగుడు. వారు చెప్పినది ఇంటిపేరుతో సహా ఒక కాగితముమీద వ్రాసి సంఘ కార్యదర్శిగారికి పంపుడు. తేదీ సరిగ జ్ఞాపకము లేకపోయినను పంపుడు. తేదీని మేము సరిచూడగలము. పేరును మాత్రము మీరే చెప్పవలెను.